ఆదివారం పిట్టలు, అక్క అత్తగారు

పోయిన ఆదివారం పొద్దున ఐదుగంటల పది నిమిషాలకు అక్క ఫోను మోగింది. అక్క పోయి నెల దాటింది. బావ అంతకుముందే పోయాడు, పిల్లలు లేరు, కాబట్టి అశోక్ నగర్ ఇంట్లోని ఆమె సామాను నేనే చిక్కడపల్లికి తెచ్చుకున్నాను. ఆ ఫోనును ఎట్లా ఆపెయ్యాలో తెలియక ఛార్జింగు పెడుతూ వస్తున్నాను. మోగేది అలారం. ఆదివారాలకు మాత్రమే పెట్టుకున్నది. ప్రతి ఆదివారం దాని నోరు నొక్కి మళ్ళీ పడుకునేదాన్ని. ఈసారి నిద్ర పట్టలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే పిట్టల క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఆ రోజు నడక వివరం ఉంది: ఆరింటికి నారాయణగూడ చౌరస్తాలో కలవాలి, టోపీ, నీళ్ళ సీసా, క్లబ్బు టీషర్టు తప్పనిసరి.

వేలితో వెనక్కి జరిపితే అక్క పోయిన రోజు రాతలు కనిపించాయి. "విమల గారు పక్షిలా స్వేచ్ఛగా ఎగిరిపోయారు" అని ఒకాయన రాశాడు. అక్క ఎక్కడికీ ఎగరలేదు. న్యుమోనియాతో ఆసుపత్రి మంచం మీద పడుకుని, ముక్కుకు గొట్టం పెట్టించుకుని, "గా కిటికీ తెరువుండ్రి, ఇదేమన్న జైలా" అని నర్సులను విసిగించి, విసిగించి పోయింది. ఆయన రాత కింద అందరూ రెండు చేతుల బొమ్మలు పెట్టారు. ఆ చేతుల మధ్యలో ఎవరో ఒకామె తను తీసిన లకుముకి పిట్ట ఫోటో పెట్టింది. అక్కడినుంచి నమస్కారాలూ, చప్పట్లూ, బొటనవేళ్ళూ కలిసిపోయాయి. ఏవి పిట్టకో, ఏవి అక్కకో చెప్పడం కష్టం. కొంచెంసేపు చూసి, లేచి, స్వెటర్ వేసుకున్నాను. నేను పుస్తకాల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. ఆదివారం పొద్దున ఇల్లు కదలడం నాకు అలవాటు లేదు. అలవాటు పోయింది అనడం సరైన మాట. ఒకప్పుడు ఉండేది.

ఆ రోజుల్లో క్లబ్బుకు సరైన పేరు కూడా లేదు. జనార్దన్ సార్ క్లబ్బు అనేవాళ్ళం. ఆయన అక్కకు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. పెళ్ళి చేసుకోలేదు. నారాయణగూడలో ఒక గది కిరాయికి తీసుకుని, ఆ గదిలో మంచం మీద పుస్తకాలు పెట్టి తను చాప మీద పడుకునేవాడని చెప్పుకునేవాళ్ళు. దసరా మొదలుకొని శివరాత్రి దాకా, చలి ఉన్నన్నాళ్ళు, ఆదివారం ఆదివారం ఒక కిరాయి వ్యాను చౌరస్తా నుంచి ఊరి బయటి చెరువుకు పోయేది. అక్కకు ఆ వ్యాను తప్ప వేరే లోకం లేదు. శనివారం రాత్రే చెప్పులు గుమ్మం దగ్గర పెట్టుకునేది. చీకటి ఉండగానే లేచి నన్ను లేపేది, ఎందుకంటే ఒక్కతే పోగూడదని మా ఇంట్లో నియమం. అమ్మ కిరసనాయిల్ స్టవ్వు మీద చాయ్ పెడుతూ గొణిగేది. ఆ స్టవ్వు వాసన, శాలువాల్లోంచి వచ్చే కలరా ఉండల వాసన, అక్క తలకు పెట్టుకున్న కొబ్బరినూనె వాసన కలిస్తే నాకు ఇప్పటికీ ఆదివారమే.

"పిట్టలను చూసుడేంది? మన గోడ మీద కాకులు లేవా?" అనేది అమ్మ.

"పోనీ తియ్యే, సంబంధం కుదిరేదాక పోనీ" అనేవాడు బాపు, గడ్డానికి సబ్బు నురుగు రాసుకుంటూ. "పెండ్లయితే ఎట్లయినా బంద్ అయితది."

బాపు ఆ మాట ఉత్తగా అనలేదు. అసలు చిక్కడపల్లి పెద్దమనుషులకు ఆ క్లబ్బు మీద గౌరవం కలిగింది సంబంధాల వల్లనే. ఎవరో ఒకాయన మేనకోడలిని చెరువు కట్ట మీద చూసి ఎవరో అడిగారట, కుదిరిందట. దాంతో జనానికి విషయం అర్థమైంది. ఇంట్లో పెళ్ళిచూపులంటే మిర్చి బజ్జీలు, స్వీటు, అద్దెకు తెచ్చిన కుర్చీలు, కిటికీలోంచి తొంగిచూసే పక్కింటివాళ్ళు. పిల్ల నచ్చకపోతే వారం రోజులు గల్లీలో తలెత్తుకోలేము. చెరువు దగ్గర ఆ బాధ లేదు. నచ్చితే సంబంధం, నచ్చకపోతే పిట్టల కోసం వచ్చాము. పైగా పొద్దుటి ఎండలో పౌడరు నిలవదు, అసలు రంగు తెలుస్తుంది అని పిల్లగాని తల్లులు సంతోషించారు. ఒకే ఒక్క చిక్కు వచ్చింది. మెరిసే రంగులు వేసుకుని రావద్దని సార్ నియమం, పట్టుచీర లేకుండా పిల్లను చూపించగూడదని తల్లుల నియమం. రెండూ నిలబడాలని అందరూ కోఠికి పోయి ఆకుపచ్చ పట్టుచీరలు కొన్నారు. ఒక దుకాణంలో వాటిని పిట్టల చీరలు అని విడిగా ఒక అరలో పెట్టాడని అమ్మ చెప్పేది.

సార్‌కు ఇదేమీ తెలియదు. జనం పెరిగేకొద్దీ ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. "మన దగ్గర ప్రకృతి మీద ప్రేమ పెరుగుతున్నది" అని వ్యాను మెట్టు మీద నిలబడి చెప్పేవాడు. ఆయన దుర్భిణిని అందరికీ ఇచ్చేవాడు. ఒకసారి ఒక పెద్దావిడ దాన్ని కళ్ళకు ఆనించి, నీళ్ళను వదిలేసి అవతలి ఒడ్డున చేతులు కడుక్కుంటున్న అమ్మాయిని చాలాసేపు చూసింది.

"కనిపించిందా అమ్మా?" అన్నాడు సార్.

"పిల్ల బాగనే ఉంది సార్. జర ఎత్తు తక్కువ."

"పిల్ల కాదమ్మా, పెద్దదే. ఆ జాతి అంతే ఉంటుంది" అన్నాడు ఆయన, చాలా ఓపికగా.

అక్కకు మాత్రం లెక్క వేరే. సంబంధం కుదిరితే ఆదివారాలు పోతాయి. పెళ్ళే వద్దంటే ఆ రోజే పోతాయి. అందుకని ఆమె ప్రతి సంబంధానికీ బుద్ధిగా తల వంచుకుని వచ్చేది, అవతలివాళ్ళే వద్దనేట్టు చూసుకునేది. దానికి ఆమె దగ్గర ఒక విద్య ఉండేది. నడక అయ్యాక కట్ట మీద కూచుని విస్తరాకుల్లో ఉప్మా తినేటప్పుడు, పిల్లగాని తల్లి పక్కన చేరి, ఎంతో మర్యాదగా మొదలుపెట్టేది.

"అత్తమ్మా, గా పెద్ద కొంగలు ఎండాకాలం కాళ్ళు చల్లగుండనీకి ఏం చేస్తయో తెల్సా?"

"ఏం చేస్తయ్ బిడ్డా?"

"తమ కాళ్ళ మీదనే రెట్ట వేసుకుంటయ్. తెల్లగ, పల్చగ. గది ఆరుతుంటె చల్లగైతది."

ఉప్మా అక్కడే ఆగేది. మూడోనాడు కబురు వచ్చేది: పిల్ల మంచిదే గని మాటలు జర అదోలా ఉన్నయ్. బాపు పరేషాన్ అయ్యేవాడు. అక్క ముఖం వేలాడేసుకుని లోపలికి పోయి, నా దిండులో ముఖం పెట్టి నవ్వేది. ఇంకో ఆదివారం మిగిలింది.

అట్లా నడుస్తుండగా ఒక దసరా వచ్చింది. దసరా నాటి నడక అన్నిటికన్నా పెద్దది, ఎందుకంటే ఆ రోజు పాలపిట్టను చూస్తే మంచిదని మనవాళ్ళ నమ్మకం. అంతకుముందు దాకా పిట్టలు పట్టేవాళ్ళు పాలపిట్టను పంజరంలో పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగేవాళ్ళు, గడపలో నిలబడి చూసి చేతిలో చిల్లర పెడితే సరిపోయేది. ఎగిరే పిట్టను చూస్తే పుణ్యం ఇంకా ఎక్కువని ఎవరో అన్నారేమో, ఆ దసరాకు జనం మూడు వ్యాన్లు పట్టారు. పాలపిట్ట కనిపించగానే ఇంటికి తిప్పమంటారని సార్‌కు భయం. అది కనిపించకూడదని ఆయన లోపల మొక్కుకున్నాడని అక్క అనేది. ఆ వ్యాన్లలో ఒకదాంట్లో అశోక్ నగర్ నుంచి అనసూయమ్మ వచ్చింది, మా అక్కను చూడడానికి. ఆ చూపుల కోసం బాపు కూడా మాతో వచ్చాడు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఆమె కొడుకు కరెంటు ఆఫీసులో పనిచేసేవాడు. అతను వ్యాను వెనక సీట్లో పడుకుని నిద్రపోయాడు. చెరువు దగ్గర కూడా దిగలేదు.

ఉప్మా వేళకు అక్క కొంగల కాళ్ళ సంగతి ఎత్తుకుంది. అనసూయమ్మ తింటూనే విన్నది.

"మంచి తెలివే గద! మా ఇంటాయన ఎండాకాలం నెత్తి మీద తడి తువ్వాల ఏసుకొని కూసుంటుండె. గట్లనే గదా?" అని ఇంకొంచెం ఉప్మా వేయించుకుంది.

అక్క ముఖంలో రంగు మారడం నేను చూశాను. విద్య పనిచెయ్యలేదు. రెండో ఉపాయంగా, వెనక్కి వచ్చేటప్పుడు దారిన కాకుండా జొన్నచేల వెంట వేగంగా నడవడం మొదలుపెట్టింది. ఆయాసపడి, ఈ పిల్ల మనకెందుకు అని ముసలామె ఆగిపోవాలి. అనసూయమ్మ ఆయాసపడింది, తిట్టింది, కాని ఆగలేదు. "ఓ పిల్లా, రైలు ఎక్కనీకి పోతున్నమా?" అంటూ వెనకే వస్తోంది. నేను ఇద్దరి మధ్య నడుస్తున్నాను. అప్పుడు కరెంటు తీగ మీద పాలపిట్ట కూచుని ఉంది.

పాలపిట్ట కూచున్నప్పుడు చూడ్డానికి ఏమీ ఉండదు. మట్టిరంగు ఛాతీ, లావు తల. పంజరంలో జనం చూసేది అదే. అనసూయమ్మ ఆగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, వేరే దిక్కు చూస్తూ ఊపిరి పీల్చుకుంటోంది. అక్క ఏమీ అనకపోతే చాలు. పిట్ట వెళ్ళిపోయేది, ముసలామె మోకాళ్ళను తిట్టుకుంటూ వ్యాను ఎక్కేది, మూడోనాడు కబురు వచ్చేది. అక్క వెనక్కి తిరిగి వచ్చి ఆమె గదవ పట్టుకుని ముఖం తిప్పింది.

"ఇటు. తీగ మీద. ఇప్పుడు ఎగురుతది, రెక్కలు చూడుండ్రి."

"గదా? గది పిచ్చుక తాత లెక్కుంది గదనే!"

అది ఎగిరింది. రెక్కలు విప్పింది. అనసూయమ్మ నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. నాకు తెలిసి ఆమె జీవితంలో మాట్లాడకుండా నిలబడింది ఆ కాసేపే. పిట్ట చేను దాటి కనుమరుగయ్యాక మెల్లగా అన్నది:

"ఇన్ని దసరాలు చిల్లర ఇచ్చి చూసిన. లోపల ఇంత నీలం ఉంటదని ఎవడు చెప్పలే."

తర్వాత నేరుగా బాపు దగ్గరికి పోయి, "అన్నా, పిల్ల మాకు నచ్చింది" అంది. సంగతి చెప్పడానికి కొడుకును లేపారు.

వ్యానులో అక్క కిటికీ వైపు తిరిగి కూచుంది. నేను చెవిలో అడిగాను, ఎందుకు చూపించినవే అని. నోరు మూసుకుంటే అయిపోయేది కదా.

"పిట్ట పోతుండె గదనే" అంది.

ముహూర్తం మాట్లాడే రోజున అక్క నలుగురిలో ఒకటే అడిగింది, ఆదివారాలు పోనివ్వాలని. బాపు నేల చూశాడు. అనసూయమ్మ నవ్వి, "పోనీ. పిట్టల ఎనకనే గద, పిల్లగాండ్ల ఎనక కాదు గదా" అంది. మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది. పెళ్ళయిన తర్వాత మొదటి ఆదివారం అక్క చీకట్లో లేచి, చెప్పులు చేతిలో పట్టుకుని చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి పోతే, అక్కడ అత్తగారు మంకీ క్యాపు పెట్టుకుని, శాలువా చుట్టుకుని, టిఫిన్ క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది.

"కొత్త కోడలిని ఒక్కదాన్ని పంపితే గల్లీల ఏమంటరు? పా."

అప్పటినుంచి ఆమె ఒక్క ఆదివారం తప్పలేదు. క్యారియరులో సర్వపిండి, పులిహోర, ఒక గిన్నెలో పచ్చిమిర్చి తొక్కు. ఆమెతో పాటు ఆమె గొంతు వచ్చేది. చెరువు కట్ట ఎక్కకముందే చింతపండు ధర, పై వాటాలో కిరాయికి ఉన్నవాళ్ళ నల్లా గొడవ, బావ చిన్నప్పటి విరేచనాలు అన్నీ నీటి మీదుగా అవతలి ఒడ్డుకు పోయేవి. ఎక్కడో చలిదేశాల నుంచి కొండలు దాటి వచ్చిన బాతులు ఆమె రెండో వాక్యానికి ఒక్కసారిగా లేచిపోయేవి. ఎగిరేటప్పుడు లెక్కపెట్టడం సులువేనని సార్ తనను తాను ఓదార్చుకునేవాడు. చివరికి నడకలో మాట్లాడరాదని కొత్త నియమం చదివాడు. అనసూయమ్మ బుద్ధిగా ఒప్పుకుని గుసగుసలాడడం మొదలుపెట్టింది. ఆమె గుసగుస రేవులో బట్టలు ఉతుకుతున్నట్టు వినిపించేది. పైగా పిట్టలకు తనే పేర్లు పెట్టుకుంది. కదలకుండా నిలబడే కొంగ "మీ మామ". రెక్కలు చాపి ఎండకు ఆరబెట్టుకునే నీటికాకి "చాకలామె". కొత్తగా చేరినవాళ్ళు సార్ చెప్పే శాస్త్రం పేర్లు మరిచిపోయి ఈ పేర్లు నేర్చుకున్నారు.

అక్క అడిగింది ఆదివారాలు, దొరికినవి ఆదివారాలే. పిట్టలు దొరకలేదు. కొన్నేళ్ళు అట్లా నడిచాక, కొందరు సభ్యులు సార్ మీద ఒత్తిడి పెట్టారు. ఆయన ఒక సాయంత్రం, అక్క పుట్టింటికి వచ్చి ఉన్నప్పుడు, మా ఇంటికి వచ్చాడు. అమ్మ పెట్టిన మురుకులు చాలాసేపు నమిలాడు.

"విమలా, ఇక నువ్వొక్కదానివే రావచ్చు కదా? నేనే మీ ఇంటికి వచ్చి ఆమెకు నచ్చజెబుతాను. నీ పేరు బయటికి రాదు."

ఇన్నేళ్ళూ అక్కకు కావలసింది అదే. చేతికి వచ్చింది. నేను ఆమె ముఖంలోకి చూస్తూ కూచున్నాను.

"ఆమె రాకుంటె నేను రాను సార్."

ఆయన వెళ్ళాక అడిగాను. "ఇంట్ల ఒప్పుకోరనా?"

"అది కాదే."

"మరేంది?"

"ఏం లేదు. పనుంది, పో" అని లేచి వంటింట్లోకి పోయింది. ఆ జవాబును నేను చాలాకాలం భయం కింద లెక్కకట్టాను. చదువుకున్నవాళ్ళకు ఎదుటివాళ్ళ భయం తొందరగా కనిపిస్తుంది.

తర్వాత్తర్వాత అనసూయమ్మ మోకాళ్ళు పట్టేశాయి. ఆటోలో కట్ట దాకా వచ్చి స్టూలు మీద కూచునేది. అక్క ముందుకు పోయి చూసి, తిరిగివచ్చి, ఏమేమి కనిపించాయో చెప్పి, మళ్ళీ పోయేది. ఒక నడక దూరం రెండు నడకలయ్యేది. ముసలామె చనిపోయిన ఏడాది, చలికాలం మొదట్లో, అక్క మొదటిసారి ఒక్కతే వెళ్ళింది. మధ్యాహ్నం నాకు ఫోను చేసింది. "ఇయ్యాల మస్తు కనపడ్డయే. బాతులు గింత దగ్గరికొచ్చినయ్, కన్ను రంగు తెలుస్తుండె" అంది. మళ్ళీ తనే "చూసి, ఊకె నిలబడ్డ" అంది.

అయినా మానలేదు. అశోక్ నగర్ ఇంటి కింది వాటాలన్నీ హాస్టలైపోయాక, మేడ మీద ఆరేసిన లుంగీల మధ్య నిలబడి ఎవరో ఒకరికి చూపించాలని ఆమె చూసేది. ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు మంచివాళ్ళే. "అమ్మమ్మా, పాలపిట్ట శాస్త్రీయనామం ఏంది? బిట్టు వస్తదట" అని అడిగి రాసుకునేవాళ్ళు. "రాసుకునుడు తర్వాత, ఓసారి చూడుండ్రిరా" అనేది అక్క. "ఎగ్జామ్ అయినంక చూస్తం అమ్మమ్మా" అని మెట్లు దిగిపోయేవాళ్ళు. నోటిఫికేషన్ మీద నోటిఫికేషన్ వచ్చింది, ఎగ్జామ్ అయిపోలేదు.

పోయిన ఆదివారం నేను వెళ్ళేసరికి చౌరస్తాలో అందరూ ఆకుల బొమ్మల టీషర్టుల్లో, ఆకుల బొమ్మల గుడ్డ చుట్టిన కెమెరాలతో ఉన్నారు. కొన్ని కెమెరాలను మోయడానికి ఇద్దరు కావాలి. నన్ను విమల గారి చెల్లెలిగా గుర్తుపట్టి, పాపం అన్నారు, ఒక ఫోటో తీసుకున్నారు. చెరువు సగం మిగిలింది. మిగిలిన సగంలో పిట్టలున్నాయి. ఎవరూ మాట్లాడలేదు. ఒక చెట్టు దగ్గర అందరం ఆగి ఫోన్లు పైకెత్తాము. ఫోను కూత విని పేరు చెబుతుందట. చెప్పింది. అందరూ తలలూపి ముందుకు నడిచారు, చెట్టులోకి చూసినవాళ్ళు తక్కువ. తీగ మీదినుంచి ఒకటి ఎగిరితే కెమెరాలు టకటకమన్నాయి, వెంటనే అన్ని తలలూ కిందికి వంగాయి, ఇప్పుడు ఏం చూశామో చూసుకోవడానికి. జనార్దన్ సార్ ఉంటే ఆ నిశ్శబ్దానికి ఏడ్చేవాడు.

నా పక్కన గాంధీనగర్ అమ్మాయి ఒకతె నడిచింది. కొత్తగా పెళ్ళయింది, కంప్యూటర్ ఉద్యోగం. తన ఫోటో తెరిచి నా ముందు పెట్టింది. బాగుంది. నీలం బాగా వచ్చింది.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?" అన్నాను.

"ఒక్కదాన్నే ఆంటీ. మా అత్తమ్మకు జిమ్ముకు పోతున్న అని చెప్పిన. పిట్టలంటె నేను గూడ వస్తా అంటది."

"రానియ్యరాదూ."

ఆ అమ్మాయి నవ్వింది, నేను జోక్ చేశాననుకుంది. "ఆమె నోటికి పిట్టలు ఆగుతయా ఆంటీ?"

"ఆగవు" అన్నాను.

ఆ రోజు పిట్టలు చాలా కనిపించాయి. బాతులు ఒడ్డుకు దగ్గరగానే ఉన్నాయి, మేము వెళ్ళిపోయేదాకా ఒక్కటి కూడా లేవలేదు. ఇప్పుడు పిట్టల నడకకు అత్తగారిని వెంటబెట్టుకుని ఎవరూ రారు.